తాలుకాయల బ్యాండు

నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివరిదాకా విని నవ్వండి. చివరిదాకా వినకపోవడం వల్లనే నాకింత అవస్థ వచ్చిపడింది.

నేను అనంతపురంలో వేరుశనగ వ్యాపారిని. పేరు వేణుగోపాల్. మార్కెట్లో మాత్రం అందరూ శాంపిల్ వేణుగోపాల్ అంటారు. సంచి మూతి దగ్గర ఒక పిడికెడు, నడుమ ఒక పిడికెడు, అడుగున ఒక పిడికెడు. ఆ మూడు పిడికిళ్లు ఒలిచి చూశానంటే లారీ లోడు జాతకం చెప్పేస్తాను.

ఆ గర్వం కొద్దీ ఇంట్లో కూడా అదే పద్ధతి పెట్టాను. ఎవరు ఏ మాట మొదలుపెట్టినా మూడో వాక్యానికల్లా "సరే, కొసకి రా" అంటాను. మా ఆవిడ అనుపమ దీనికి పెళ్లయిన కొత్తలోనే విరుగుడు కనిపెట్టింది. నాతో మాట్లాడేటప్పుడు కొస మాత్రమే చెబుతుంది.

"గ్యాస్ అయిపోయినాది. అంతే."

మా అమ్మాయి ప్రసూనకు ఈ విద్య అబ్బలేదు. పదిహేడేళ్లు, ఇంటర్ అయిపోయింది. ఏడాదిగా చెవులకు పాటలు వినే రెండు పెద్ద డిప్పలు తగిలించుకుని తిరుగుతోంది. నాతో మాటంటే "ఊ". కోపమొస్తే "ఊఊ". ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"ఏం వింటాండావమ్మా?"

ప్రసూన ఒక చెవి డిప్ప పక్కకు జరిపింది. "పాత ఇంగ్లండు బ్యాండ్లు నాయనా. యాభై అరవై ఏండ్ల కిందటివి. మా క్లాసులో సగం మంది ఇవే వింటారు. ఎందుకో తెలుసా..."

"సరే, కొసకి రా."

డిప్ప మళ్లీ చెవి మీదికి వెళ్లిపోయింది.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. తర్వాత ఆషాఢం వచ్చింది. విత్తనం వేసే వాన రాలేదు. మబ్బులు వస్తాయి, చూస్తాయి, కర్ణాటక వైపు వెళ్లిపోతాయి. మార్కెట్లో పని లేదు. పని లేకపోతే నా కాళ్లు ఒక చోట నిలవవు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి మిద్దె మీదికి, మిద్దె మీంచి మళ్లీ హాల్లోకి తిరుగుతూనే ఉంటాను.

"ఏమండీ, ఒకచోట కూచోండి. గచ్చు అరిగిపోతాండాది," అంది అనుపమ.

"ఆలోచిస్తాండా."

"ఆలోచనకి కాళ్లెందుకు? దానికి వేరే సామాను కావాల గదా, అదుంటే కూచునే చెయ్యొచ్చు."

అట్లా తిరుగుతున్నప్పుడే ప్రసూన గది ముందు ఒక మాట నా చెవిన పడింది. ఫోనులో స్నేహితురాలికి చెబుతోంది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం బెంగళూరులో ఎవరో కుర్రవాళ్లు ఆ పాత ఇంగ్లండు బ్యాండ్ల పాటలన్నీ వాయిస్తారట. పద్దెనిమిది నిండనివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని వెంట తీసుకుని రావాలట.

ఒకరిని!

నా కాళ్లు టక్కున ఆగిపోయాయి. బెంగళూరుకు పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. ఎనిమిది గంటలు నా కూతురు నా పక్కన ఉంటుంది. నెల తిరిగితే అది కాలేజీ, హాస్టలు అంటూ వెళ్లిపోతుంది. ఆ "ఊ" కూడా మిగలదు. ఆ ఒక్క సీటు నాకే కావాలనుకున్నాను. అనుపమతో ఎట్లాగూ రోజంతా మాట్లాడుతుంది. మళ్లీ ఆమెకెందుకు ఆ సీటు?

అడిగేస్తే సరిపోయేది. కానీ వ్యాపారం చేసేవాడు సూటిగా అడుగుతాడా? ముందు ఆ బ్యాండ్లన్నీ నేర్చుకుని, దాన్ని ఆశ్చర్యపరిచి, "నాయనా, నువ్వే రావాల" అని దాని నోటితోనే అనిపించాలని పథకం వేశాను.

సోమవారం మిద్దె మీద కూర్చుని పని మొదలుపెట్టాను. ఒక్కో బ్యాండు నుంచి ఒక్కో పాట. పాట మూతి దగ్గర పది సెకన్లు, నడుమ పది, అడుగున పది. పావుగంటలో ఇంగ్లండు మొత్తం ఒలిచేశాను. మార్కెట్ చీటీ మీద గ్రేడులు రాసుకుని మధ్యాహ్నం అన్నం దగ్గర బయటపెట్టాను.

"ప్రసూనా, బీటిల్స్ ఉండారే, అది విత్తనపు సరుకు. మూడు పిడికిళ్లూ గట్టి గింజ. తర్వాత వచ్చినోళ్లంతా దాంట్లోంచి మొలిచినోళ్లే."

ప్రసూన ఒక చెవి డిప్ప తీసింది.

"రోలింగ్ స్టోన్స్, నిల్వ సరుకు. అరవై ఏండ్లు గోడౌన్లో ఉన్నా పురుగు పట్టల్యా. తాతలయినా ఎగుర్తానే ఉండారు."

రెండో డిప్ప కూడా తీసింది. నవ్వుతోంది! నా కూతురు నా మాటకు నవ్వి ఎన్నాళ్లయిందో. నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

"క్వీన్, నూనె శాతం జాస్తి. ముట్టుకుంటే చేతికి అంటుకుంటాది. ఒకసారి విన్నా పోదు."

"నాయనా! ఎంత కరెక్టుగా చెప్పినావు!"

అక్కడ ఆపి చెయ్యి కడుక్కుని ఉంటే ఈ కథే లేదు. చీటీలో ఇంకొక వరస మిగిలింది.

"పింక్ ఫ్లాయిడ్, ఉత్త తాలు. మూతి కాడ గాలి, నడుమ గాలి, అడుగున గాలి. ఒక్క కాయలో గింజ ల్యా. ఆ లోడు వాపసు పంపియ్యాల్సిందే."

అనుపమ మజ్జిగ గిన్నె వైపు తల తిప్పుకుంది.

"అది నా పానం నాయనా," అంది ప్రసూన. "ఎంతసేపు విన్నావు?"

"ముప్పై సెకన్లు."

"ఆ పాట ఇరవై నిమిషాల పైన ఉండాది!"

డిప్పలు రెండూ మళ్లీ చెవులకు ఎక్కాయి. ఈసారి "ఊ" కూడా రాలేదు.

ఆ సాయంత్రమంతా మిద్దె మీద పచార్లు చేశాను. పోయిన లోడు ఎట్లా వెనక్కి తెచ్చుకోవాలి? సంగీతం తెలిసినవాడు నాకు ఒక్కడే. కొండప్ప. పెళ్లిళ్ల బ్యాండు మేళం నడుపుతాడు. మంగళవారం అతని ఇంటికి పోయి ఫోనులో క్వీన్ పాట వినిపించాను.

"ఎంతమంది వీళ్లు?" అన్నాడు కొండప్ప.

"నలుగురు."

"నలుగురేనా? మావోళ్లు పద్దెనిమిది మంది వేణన్నా. ఆషాఢంలో పెండ్లిండ్లు ల్యాక అందరూ ఖాళీగా ఉండారు. మూడు దినాలియ్యి, దీన్ని పట్టేస్తాం."

శుక్రవారం పొద్దున తొమ్మిది గంటలకు మా ఇంటి ముందు వాయించాలని, అది విని ప్రసూన పరుగున బయటికి రావాలని ఒప్పందం. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం సరిగ్గా తొమ్మిదికి ఎర్ర కోట్లు, జరీ టోపీలు పెట్టుకుని పద్దెనిమిది మంది వీధి మలుపు తిరిగారు. మొదలుపెట్టింది క్వీన్ పాటే. ట్రంపెట్టు కొంచెం అటూ ఇటూ పోయినా పాట తెలుస్తోంది. నేను గేటు దగ్గర నిలబడి తల ఊపుతున్నాను.

కానీ పాతికేళ్లుగా పెళ్లి ఇళ్లకు పోయి పోయి అలవాటైన చేతులవి. మా గడప, దాని మీద ఆ పొద్దునే పెట్టిన పసుపు కుంకుమ, మామిడాకుల తోరణం కళ్లబడ్డాయో లేదో, డోళ్లవాళ్ల చేతులు వాటంతటవే పెళ్లివారిని ఎదుర్కునే దరువులోకి వెళ్లిపోయాయి. వాళ్ల వెంట ట్రంపెట్లూ పోయాయి. కొండప్ప చేతులూపినా ఎవరూ చూడలేదు.

ఎదురింటి సిద్దమ్మ అక్షింతల పళ్లెంతో బయటికి వచ్చింది. ఆమె వెనకాల వీధంతా వచ్చింది.

"ఏమప్పా వేణుగోపాలా, చెప్పాపెట్టకుండా కూతురికి సంబంధం కుదుర్చుకుంటివా? యాడోళ్లు? పామిడి బట్టల అంగడోళ్లా?"

"సంబంధమేంది సిద్దమ్మక్కా? ఇది క్వీన్..."

"రాణిలాగే ఉంటాదిలే, మాకు తెలీదా? అయినా ఆషాఢంలో ఇంత తొందరేమొచ్చె?"

ఆ చివరి ప్రశ్నతో వీధి అంతా ఒక్కసారి గుసగుసలాడింది. నా జేబులో ఫోను మోగింది. వీధిలో ఎవరో అప్పుడే చేరవేశారు, గుంతకల్లు నుంచి మా మామగారు జయరామయ్య.

"అల్లుడూ, నా మనవరాలి నిశ్చితార్థమంట. నేనింకా బతికే ఉండా, తెలుసు గదా?"

అప్పుడు ప్రసూన బయటికి వచ్చింది. పరుగునే వచ్చింది. కానీ దాని కళ్ల నిండా నీళ్లు.

"నాయనా! నాకు పదిహేడేండ్లు! నన్ను ఒక్క మాటన్నా అడగవా?"

"అది కాదమ్మా, నేను చెప్పేది..."

"కొసకి రా!" అని అరిచింది.

టికెట్టు సంగతి దేవుడెరుగు, కూతురే పోయిందనుకున్నాను. నిజం చెబుతున్నా, వీధిలో ఏడవకూడదని టోపీవాళ్ల డోళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వచ్చింది అనుపమ, చేతిలో అట్లకాడతో. నాకే అనుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె నన్ను దాటి పోయి కొండప్ప ముందు అట్లకాడ పైకెత్తింది. పద్దెనిమిది మందీ ఆగిపోయారు. అంతటి బ్యాండు మాస్టరును నేనింతవరకు చూడలేదు.

"సిద్దమ్మక్కా, పెండ్లీ ల్యా, గిండ్లీ ల్యా. మా ఆయనకి వాన రాక పొద్దుపోల్యా, అంతే," అంది. తర్వాత కొండప్ప వైపు తిరిగింది. "కొండప్పన్నా, మొదట వాయించినారే, దాంట్లో రెండో తిప్పు కాడ కిందికి దిగల్ల. మీరు పైకి పోతాండారు. ఇట్లా."

ఇట్లా అని పాడింది. నా భార్య. క్వీన్ పాట. ఇంగ్లీషులో. ఒక్క మాట తడబడకుండా, అట్లకాడతో తాళం వేస్తూ. కొండప్ప మనుషులు అందుకున్నారు. సిద్దమ్మ పళ్లెం చంకన పెట్టుకుని చప్పట్లు కొట్టింది. ప్రసూన కళ్లు తుడుచుకుని తల్లి పక్కన నిలబడి గొంతు కలిపింది. దానికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉన్నట్టు లేదు. ఆశ్చర్యమంతా నాదే.

జనం పోయాక అడిగాను. "ఇదంతా నీకెట్లా వస్తాది?"

"గుంతకల్లులో మా నాయన అంగడి యాడుండాది?"

"రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఎదురుగా."

"అంగడి పక్కింట్లో డోరతీ ఆంటీ అని ఆంగ్లో ఇండియన్ ఆమె ఉంటాండె. వాళ్లాయన రైలు గార్డు. ఆమె కాడ ఇంగ్లీషు ట్యూషన్‌కి పోతాంటి. పాఠం బాగా చెప్తే ఒక క్యాసెట్టు పెట్టేది. ఆరేండ్లు బాగా చెప్పినా."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"పెండ్లయిన వారానికి మొదలుపెట్టినా. మూడో మాటకి కొసకి రమ్మన్నారు. ఆ కథకి కొస లేదు. అందుకని మీ కూతురికి చెప్పుకున్నా."

ప్రసూన మెల్లగా అంది. "టికెట్లు నెల కిందటే తీసినాం నాయనా. ఒకటి నాది, ఒకటి అమ్మది."

అంటే ఎప్పుడో నిండిపోయిన సీటు కోసం నేను ఇంగ్లండు ఒలిచి, పద్దెనిమిది మందిని తెచ్చి, కూతురి పెళ్లి చేసి, వీధిలో పరువు పోగొట్టుకున్నానన్నమాట. అరుగు మీద కూలబడ్డాను. ఉన్నమాట అప్పుడే నోట్లోంచి వచ్చింది.

"నాకు పాటలొద్దమ్మా. నీతో మాట్లాడాలనిపించింది. అంతే."

ప్రసూన వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ పాటలు మేమెందుకు వింటామో ఆ దినం చెప్పబోతే కొసకి రమ్మంటివి గదా. అవి కట్టినప్పుడు వాళ్లు కూడా మా మాదిరి పిల్లోళ్లే నాయనా. పెద్దోళ్లు ఎవరూ మా మాట వినడంల్యా అని పాడినారు. అందుకే అరవై ఏండ్లయినా పాతబడల్యా."

ఈసారి కొసకి రమ్మనలేదు. ఆ మాటే కొస అని నాకు కూడా తెలిసింది.

"సరేలే," అంది అనుపమ, అట్లకాడ నా వైపు చూపిస్తూ. "కారు నడిపేదానికి ఎవరో ఒకరు కావాల గదా."

ఆదివారం పొద్దున బయలుదేరాం. సోమందేపల్లె దాటాక ప్రసూన కార్లో ఆ తాలుకాయల బ్యాండు పెట్టింది. ఒక నిమిషం, గాలి. రెండు నిమిషాలు, గాలి. నా కాళ్లు బ్రేకు మీద, క్లచ్ మీద అల్లాడిపోతున్నాయి.

"ఇంకా మొదలు కాల్యా?" అన్నాను.

"ఊరుకోండి," అన్నారు తల్లీకూతుళ్లిద్దరూ.

ఊరుకున్నాను. ఎక్కడో దూరం నుంచి గిటారు వచ్చింది. దాని మీద ఇంకోటి వచ్చి చేరింది. రోడ్డుకు అటూ ఇటూ విత్తనం పడని ఎర్ర చేలు, వాటి మీద మబ్బు నీడలు. నా కాళ్లు ఎప్పుడు కుదురుకున్నాయో నాకే తెలియలేదు. పాట అయిపోయాక ప్రసూన మాట్లాడటం మొదలుపెట్టింది. కాలేజీ గురించి, హాస్టలంటే భయం గురించి, ఇంకా ఏమేమో. దేవనహళ్లి దాకా ఆపలేదు. నేను "ఊ" తప్ప ఏమీ అనలేదు.

బెంగళూరులో పాటల హాలు గేటు దగ్గర దిగాక అనుపమ కారు కిటికీలోంచి లోపలికి వంగింది. "టిఫిన్ డబ్బా వెనక సీట్లో ఉండాది. మూడు గంటలు పడతాది. మీకేం, శాంపిల్ చాలు గదా." ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి పోయారు.

కార్ల మధ్య కూర్చుని ఆ పాటే మళ్లీ మొదటి నుంచి పెట్టాను. రెండు నిమిషాలు కాకముందే పార్కింగ్ వాచ్‌మన్ వచ్చి అద్దం తట్టాడు, బండి కాస్త ముందుకు తియ్యమని.

"ఉండప్పా," అన్నాను. "ఇంకా మొదలు కాల్యా."