ప్రింటర్ పోర్టు ఖాళీ లేదు

కంప్యూటర్‌కి ప్రింటర్ తగిలించడమంత దండగ పని ఈ లోకంలో మరొకటి లేదు! కంప్యూటర్ వెనక పాతిక కన్నాలున్న సాకెట్ ఒకటి ఉంటుంది. ప్యారలల్ పోర్టు అంటారు. అది ప్రింటర్ కోసం పెట్టారనుకుంటాం. ఎంత అమాయకులం!

మల్లాపూర్‌లో మా ఫ్యాక్టరీ కోల్డ్ స్టోరేజీలకు థర్మామీటర్లు తయారుచేస్తుంది. నేను అక్కడ క్లర్కుని, పేరు కనకరాజు. మూడేళ్లుగా టెంపరరీ. ఫ్యాక్టరీ మొత్తానికి కంప్యూటర్ ఒకటే, దానికి పోర్టూ ఒకటే. ఆ పోర్టుకి మా ఇంజనీరు దేవానందం, కొత్త థర్మామీటర్ల టెస్టింగ్ కోసమని, కబుర్లు మోయడానికి రెండంటే రెండు వైర్లు అతికించి, వాటికి వరుసగా ఎనిమిది చిప్పులు వేలాడదీశాడు. దీన్ని సీరియల్ బస్ అంటారట. బడిలో హాజరు పిలిచినట్టు కంప్యూటర్ ఒక్కో నంబరూ పిలుస్తుంది. ఆ నంబరున్న చిప్పు ఒక్కటే పలికి, తన దగ్గర వేడి ఎంతుందో చెబుతుంది. మిగతావి నోరెత్తవు. మా ఆఫీసు మీటింగుల్లో ఇంత క్రమశిక్షణ ఏనాడైనా చూశామా?

ఈ పనికి వేరే కార్డు బజార్లో దొరుకుతుందట. కానీ ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏ షెడ్డులో చూసినా, చేతిలో ఉన్నదానితో పని కానిచ్చేయడమే ఇంజనీరింగ్. కాబట్టి ప్రింటర్ వైరు పీకేసి, ప్రింటర్ మీద గుడ్డ కప్పాం. ఇప్పుడు దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నాం. ఎంత సౌకర్యం!

ఇంకా లాభాలు చెప్పమంటారా? ఉత్తరాలు బయటికి పోవు కాబట్టి జవాబులు రావు, జవాబులు రావు కాబట్టి పని పెరగదు. ఓవెన్‌కో చిప్పు, ఫ్రిజ్‌కో చిప్పు అయ్యాక దేవానందం టీ ఫ్లాస్కులో కూడా ఒకటి దించాడు. టీ చల్లారితే కంప్యూటర్ చెబుతుంది. ఇదివరకు ఆ సంగతి తెలియాలంటే టీ తాగాల్సి వచ్చేది! ఆ తర్వాత గడియారం చిప్పు తగిలించి, షిఫ్టు సైరన్ కూడా ఆ వైర్లకే కలిపాడు.

ఇక నా సొంత గొడవ. నన్ను పర్మనెంట్ చేస్తూ ఆర్డర్ తయారై పదకొండు నెలలైంది. మా ఓనరు పరంధామయ్య గారు పక్కన నిలబడి నాచేతే టైప్ చేయించారు. ప్రింటు తీసి సంతకం పెట్టడమే తరువాయి.

"ఆర్డర్ కంప్యూటర్లో భద్రంగా ఉంది కదయ్యా కనకరాజూ, కంగారెందుకు?" అంటారాయన.

దేవానందాన్ని అడిగితే, "జర ఆగన్నా. ఇప్పుడు వైర్లు తీస్తే టెస్టింగ్ మల్ల మొదటి సంది జెయ్యాలె" అంటాడు.

పాత టైప్‌మిషన్‌ని ఎప్పుడో సాగనంపాం. చేత్తో రాసిస్తే సంతకం పెట్టరు, కంప్యూటర్ ఉన్న కంపెనీకి చిన్నతనం! ఫ్లాపీలో ఎక్కించుకుని నాచారంలో ప్రింటు తీయించుకొస్తానన్నాను. కంపెనీ రహస్యాలు గేటు దాటకూడదట!

చిల్కానగర్‌లో ఇంటికి వెళ్తే మా ఆవిడ రత్నకుమారి రోజూ అదే అడుగుతుంది. "కంప్యూటర్ల ఉన్నదంటే ఏంది? చేతిల ఉండాలె గదా! రేపు పని తక్కువైతే ముందుగాల నిన్నే పొమ్మంటరు."

పాపం, ఆమెకి టెక్నాలజీ తెలీదు. ఆ మాటకి నాకు ముద్ద దిగలేదు, అది వేరే సంగతి.

అందుకే మొన్న మంగళవారం మధ్యాహ్నం దేవానందం టీకి వెళ్లగానే, నా ఫైలు తెరిచి ప్రింట్ నొక్కాను. ప్రింటర్ లేదని తెలుసు. కానీ రేషన్ షాపు ముందు సంచి పెట్టి వరుసలో చోటు పట్టుకునే అలవాటున్నవాణ్ణి. నా కాగితాన్ని కూడా ముందే వరుసలో నిలబెడితే, ప్రింటర్ తగిలించిన రోజు మొదట అదే వస్తుందని నా లెక్క.

కాగితం నిలబడలేదు. అక్షరం వెంట అక్షరం ఆ వైర్లలోకి దూకింది. సైరన్ మోగింది! ఆగి మళ్లీ మోగింది. నా ఆర్డర్ ఎంత పొడుగుందో అంతసేపూ మోగింది. షిఫ్టు అయిపోయిందనుకుని నలభై మంది సైకిళ్లెక్కి ఇళ్లకు పోయారు. నేను పర్మనెంట్ అయిన వార్త మల్లాపూర్ అంతా విన్నది, ఒక్కరికీ అర్థం కాలేదు.

పరంధామయ్య గారు పరుగున వచ్చారు, ఆయన వెనకే దేవానందం. "ఎవడు నొక్కింది?"

"నేనేనండీ. నా ఆర్డర్..."

ఆయన నా వంక చూడలేదు. "దేవానందం! ఆ వైర్లు పీకేసి ప్రింటర్ పెట్టు."

గుడ్డ తీశారు. వైరు గుచ్చారు. ఓనరు గారు స్వయంగా కీబోర్డు ముందు కూర్చుని ఒంటివేలితో ఏదో కొట్టారు. నా ఆర్డరే తీస్తున్నారనుకున్నాను. అబద్ధమెందుకు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రింటర్ కీచుమంటూ కాగితం బయటపెట్టింది. ఆయన నిలబడే సంతకం పెట్టి నా చేతికిచ్చారు.

మెమో! టెంపరరీ క్లర్కు కనకరాజు మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో చెప్పుకోవాలట.

గోడ గడియారం చూశాను. వైర్లు పీకడం నుంచి సంతకం దాకా, టైపింగుతో సహా తొమ్మిది నిమిషాలు పట్టింది. ఓనరు గారు వెళ్లిపోయాక దేవానందం తల వంచుకుని తన వైర్లు మళ్లీ తగిలించడం మొదలుపెట్టాడు.

"నీ టెస్టింగ్ పాడైపోయిందేమో కదా?" అన్నాను, నా బాధలో నేనుండి కూడా.

"టెస్టింగ్ ఆర్నెల్ల కిందనే అయిపోయిందన్నా," అన్నాడు మెల్లగా. "వైర్లు తియ్యొద్దని సారే చెప్పిండు."