తీగ పట్టుకున్నవారికి బెంగ వర్తించదు

బాల్యం ప్రజల ఉమ్మడి ఆస్తి అనీ, దాన్ని ఎవరుపడితే వారు ఎప్పుడుపడితే అప్పుడు తలుచుకుని నిట్టూర్చడం వల్ల అది నానాటికీ అరిగిపోతోందనీ గుర్తించిన టీవీ కేంద్రం వారు, చివరికి జ్ఞాపకాల ధ్రువీకరణ విభాగాన్ని తెరిచారు. ఇకపై పాత పిల్లల కార్యక్రమం ఏది చూడాలన్నా, ముందు దానిమీద మనకు బెంగ ఉందని రుజువు చేసుకోవాలి. (బెంగ లేనివారు వచ్చి చూసేసి, ఇంటికి వెళ్లాక తీరిగ్గా బెంగ పెట్టుకున్న ఉదంతాలు విభాగం దృష్టికి వచ్చాయట.)

ఆ ఉదయం లెక్కల టీచరు తన మరదలిని వెంటబెట్టుకుని విభాగం వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా గోడ మీద సూచనలు ఉన్నాయి. టైటిల్ పాటను కౌంటరు దగ్గర మాత్రమే పాడవలెను. కన్నీరు పెట్టదలచినవారు తమ వంతు వచ్చేవరకు ఆగవలెను.

"నయం వదినా, బస్సులో ఏడ్చేసి రాలేదు" అంది మరదలు. "ఇక్కడ లెక్కలోకి వచ్చేది కాదు."

టీచరు నవ్వలేదు గాని, సంచీ సర్దుకుని మరదలికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

ఆమె వచ్చింది 'చెవుల మాస్టారు' కోసం. అదొక తోలుబొమ్మ పంతులు నడిపే బడి. మాస్టారు లెక్కలన్నీ తప్పు చెప్పేవారు, స్టూడియోలో కూర్చున్న పిల్లలు దిద్దేవారు. ఆఖర్న ఒక పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి, ఇంట్లోవాళ్లకి ఏమైనా చెప్పుకుంటావా అని అడిగేవారు. ఒక వారం ఆ పిల్లవాడు టీచరు తమ్ముడు. ఏం చెప్పాడో ఇల్లంతా చూసింది, ఆమె తప్ప. అడిగితే, "రిపీట్ వేస్తారుగా అక్కా, అప్పుడు నువ్వే చూసుకో. చెప్పేస్తే మజా ఏముంది" అన్నాడు. ఇంట్లో అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. రిపీట్ వేయలేదు. వాడు పెద్దవాడై, పెళ్లయి, జుట్టు నెరిసినా ఆ మాట చెప్పలేదు. ఒట్టు వేసిన పెద్దవాళ్లు ఒట్టుతోనే వెళ్లిపోయారు. తమ్ముడు పోయి ఇంకా ఏడాది కాలేదు.

"నాకూ చెప్పలేదు" అంది మరదలు, ఆమె మనసులో మాట విన్నట్టు. "ఎన్నిసార్లు అడిగినా, ముందు మా అక్క చూడాలి అనేవారు. మహా పట్టుదల మనిషి మీ తమ్ముడు."

వరుస కదిలింది. ముందున్న బట్టతల ఆయన పాట బాగానే పాడాడు గాని, నిట్టూర్పు దగ్గర తప్పాడు. నిట్టూర్పుల సహాయ పర్యవేక్షకుడు చెవి దగ్గరగా పెట్టి రెండుసార్లు విని, "ఇది మోకాళ్ల నొప్పి తాలూకుది. బాల్యానిది పొట్టలోంచి రావాలి" అని వెనక్కి పంపాడు. తర్వాతి కుర్రాడు ఆ కార్యక్రమం ఆగిపోయాక పుట్టినవాడు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చూసి బెంగ తెచ్చుకున్నాడు. అతన్ని అరువు జ్ఞాపకాల కౌంటరుకు పంపారు. (అక్కడ మధ్యలో వచ్చే ప్రకటనలు మాత్రమే చూపిస్తారు.)

టీచరు వంతు వచ్చింది. స్మృతి తనిఖీ అధికారి కళ్లజోడు పైకి నెట్టుకుని పాట పాడమన్నాడు. ఆమె తరగతిలో ఎక్కం చెప్పే గొంతుతో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడింది. మాస్టారి మాటలేమైనా గుర్తున్నాయా అన్నాడు. "ఏడూ ఎనిమిదీ కలిపితే పదమూడు. కాదా? అయితే తప్పు నాది కాదు, చాక్‌పీసుది" అంది ఆమె. వరండాలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. (వంతు రానందున వారిని మందలించారు.)

"అద్భుతం మేడం" అన్నాడు అధికారి. "చివరి ప్రశ్న, లాంఛనం కోసం. చెవుల మాస్టారు ఏ జంతువు?"

"కుందేలు" అంది టీచరు.

అధికారి కళ్లజోడు కిందికి దించి చూశాడు.

"వదినా" అంది మరదలు, మెల్లిగా. "గాడిద."

"ఎవర్నమ్మా అంటున్నావు?"

"మాస్టార్ని వదినా. మాస్టారు గాడిద."

ఇన్నాళ్లూ టీచరు దగ్గర ఒక తెల్లని కుందేలు ఉండేది. దానికి కోటు కూడా తొడిగింది తనే. బళ్లో పిల్లలెవరైనా లెక్క తప్పు చేస్తే ఆ కుందేలు అడ్డొచ్చి, కోపం సగంలోనే ఆగిపోయేది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్లి ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

"కార్యక్రమం చూశానన్నారు" అన్నాడు అధికారి, గొంతు మార్చి.

"విన్నానన్నాను. మేడ మీద యాంటెన్నా పట్టుకుని నిలబడేదాన్ని. మాటలు కిటికీలోంచి వినపడేవి. నేను పట్టుకుంటేనే బొమ్మ వచ్చేది. వదిలితే తెరంతా చీమలు."

"ప్రతి వారమూనా?"

"ప్రతి వారమూ."

"ఇంకెవరూ పట్టుకోలేదా?"

"మా తమ్ముడు ఎక్కేవాడు. వాడు పట్టుకుంటే బొమ్మ దొర్లిపోయేది. కింద అందరూ అరిచేవాళ్లు. మళ్లీ నేనే."

అధికారి లోపలికి వెళ్లి, నిబంధనలు తిరగేసి, విచారంగా తిరిగొచ్చాడు. "యాంటెన్నా పట్టుకున్నవారు ప్రేక్షకుల కిందికి రారు మేడం. సాంకేతిక సిబ్బంది కిందికి వస్తారు. సాంకేతిక సిబ్బందికి బెంగ వర్తించదు."

"చూడలేదు కాబట్టే చూస్తానంటున్నాను."

"చూడనిదానికి జ్ఞాపకం ఉండదు. జ్ఞాపకం లేనివారికి చూపించం. ఒకసారి చూస్తే జ్ఞాపకం వస్తుంది కదా, అప్పుడు రండి."

టీచరు వాదించలేదు. తమ్ముడి సంగతి చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పింది, ఎక్కడా గొంతు పెంచలేదు. వాడు ఆ రోజు ఏదో అనగానే కింద ఇల్లంతా ఒక్కసారి గొల్లుమందనీ, ఆ గోలలో తనకు మాట అందలేదనీ, ఆ ఒక్క మాటా వింటే చాలుననీ చెప్పింది.

అధికారి మనసు కరిగింది. అక్కడికక్కడే ఒక విచారణ సంఘాన్ని వేశాడు. తాను, నిట్టూర్పుల పర్యవేక్షకుడు, చెవుల విషయంలో సందేహాలొస్తే తీర్చడానికి పక్క గదిలోని గుమాస్తా. ఆ పిల్లవాడు నిజంగా అందులో ఉన్నాడని సంఘం చూసి నిర్ధారిస్తే, టీచరుకు చూసే అర్హత వస్తుంది. (ఒక్కో దరఖాస్తుకు ఒక్కటే ప్రదర్శన. విచారణ ప్రదర్శన కూడా ప్రదర్శనే. అర్హత వచ్చాక చూడటానికేమీ మిగలదన్నది వేరే విషయం.)

"అంటే, మా ఇంటి మనిషిని మీరు చూస్తారు, మేం బయట కూర్చుంటాం. అంతేనా?" అంది మరదలు.

"నిర్ధారణ కోసమే కదమ్మా. మాకు మాత్రం సరదానా?" అన్నాడు అధికారి. పర్యవేక్షకుడు అప్పటికే మెత్త ఉన్న కుర్చీ కోసం వెళ్లాడు.

పాత కార్యక్రమాన్ని పాత టీవీలోనే చూడాలని నియమం. ఆ టీవీ వెనక తీగ వదులు. దాన్ని పట్టుకునే ఉద్యోగం చాలాకాలంగా ఖాళీ. గుమాస్తా పట్టుకుంటే చీమలు. మరదలు పట్టుకుంటే బొమ్మ దొర్లింది. ముగ్గురూ టీచరు వైపు చూశారు.

"మీకు అనుభవం ఉందన్నారుగా మేడం" అన్నాడు అధికారి.

ఆమె టీవీ వెనక్కి వెళ్లి తీగ పట్టుకుంది. బొమ్మ అద్దంలా నిలిచింది. అర్హత లేని మరదలిని గోడవైపు తిరిగి నిలబడమన్నారు. నిలబడింది.

పాట మొదలైంది. టీచరు ఎదుట టీవీ వీపు, దాని సందుల్లో దుమ్ము, అవతల ముగ్గురి నవ్వులు. "ఆ చెవి చూడండి, ఆ చెవి" అంటున్నాడు పర్యవేక్షకుడు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. విచారణ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఏడూ ఎనిమిదీ కలిపితే పదమూడయింది. చాక్‌పీసును తిట్టారు. ఆ తర్వాత మాస్టారు, "ఇటు రారా. ఇంట్లోవాళ్లకి ఏమైనా చెప్పుకుంటావా?" అన్నారు.

"మా అక్కకి" అంది ఒక పిల్లవాడి గొంతు.

గోడవైపు నిలబడ్డ మరదలు ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. అయినా వెనక్కి తిరిగింది.

"చెప్పరా మరి."

"అక్కా, చాల్లే. దిగిరా. ఇవాళ బొమ్మ రాకపోయినా పర్లేదు."

"కదలకండి మేడం" అన్నాడు అధికారి, తెరమీంచి చూపు తిప్పకుండా. "బొమ్మ భలే వస్తోంది."

టీచరు తీగ వదిలేసింది.

టీవీ చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, చేతులకంటిన దుమ్ము దులుపుకుని నిలబడింది. తెరనిండా చీమలు. వాటినే చూస్తూ నిలబడింది. మరదలు వచ్చి పక్కన చేరింది.

"కనిపించాడా వదినా?"

"లేదు."

"మరి ఎందుకు వదిలేశారు?"

"దిగిరమ్మన్నాడుగా."

ఇద్దరూ బయటికి నడిచారు. మెట్లు దిగుతుంటే మరదలు, "గాడిదైతేనేం వదినా, మీరు కుందేలే ఉంచుకోండి" అంది. టీచరు ఈసారి నవ్వింది.

విచారణ సంఘం సభ్యులు ముగ్గురికీ ఆ కార్యక్రమం మీద గాఢమైన బెంగ ఉన్నట్టు అదే రోజు ధ్రువీకరించారు. దరఖాస్తు మీద నిర్ణయం కూడా తపాలాలో వచ్చింది: "బొమ్మ స్పష్టంగా వస్తున్న సమయంలో, ఎవరో పిలిచారన్న కారణంతో దరఖాస్తుదారు విధి వదిలి వెళ్లినందున, సదరు కార్యక్రమంతో ఆమెకు ఎటువంటి అనుబంధమూ లేదని నిర్ధారించడమైనది."