కారు కింద ఎర్రనీళ్ళు

ఆ ఆదివారం పొద్దున్నే బాటసింగారం మార్కెట్‌కి వెళ్ళి మామిడిపళ్ళు తెచ్చుకుందామని గంగాధరరావుగారింట్లో అనుకున్నారు. పళ్ళ పేరు చెప్పి వెళ్తున్నా పరీక్ష మాత్రం కారుది. గేర్లు తనంతట తానే మార్చుకునే పాత కారు అది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ సందులో దాని దగ్గు వినకుండా నిద్ర లేచినవాళ్ళు లేరు. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కడం ఆయన వల్ల కాదు, నడపగలిగిన బండి అదొక్కటే. "ఇంకొక్కసారి దారిలో ఆగితే తుక్కువాడికి ఇచ్చేద్దాం మావయ్యగారూ" అని కోడలు ఉదయలక్ష్మి మెత్తగా చెప్పింది. అరిచి చెప్పినా అంత భయపడేవారు కాదాయన.

అప్పటినుంచీ ఫోన్‌లో కారు రిపేరు పాఠాలే. చెవులు మందం కనుక వీధి చివరిదాకా వినపడేలా పెట్టుకునేవారు. సగం పాఠం అయ్యేసరికి ఆయనకి కునుకు పట్టేది. మిగతా సగం వంటింట్లో పోపు వేసుకుంటూ ఆయన భార్య కోటేశ్వరమ్మ వినేది. వినక ఏం చేస్తుంది, ఫోను కట్టేస్తే ఆయన లేచి కూర్చుంటారాయె.

సరే, ఆ పొద్దున కాఫీ గ్లాసుతో గేటు దగ్గరికి వచ్చిన గంగాధరరావుగారికి కారు ముందు చక్రాల మధ్య ఎర్రగా మడుగు కనిపించింది. గేరు పెట్టె కారుతోందనుకున్నారు. గేరు పెట్టె నూనె ఎర్రగా ఉంటుందని పాఠం మొదటి సగంలోనే చెప్పారు మరి. కోడలు బయటికి రాకముందే ఇంజన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, నూనె కొలిచే పుల్ల లాగి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, మళ్ళీ ముంచి చూశారు. పై గీతకి నూనె చాలా కిందికి ఉంది. డిక్కీలో దాచుకున్న గేరు నూనె డబ్బా తెచ్చి చుక్క మిగలకుండా పోసేశారు. ఎవరికీ చెప్పలేదు.

కోటేశ్వరమ్మ ముందు సీట్లో ఎక్కింది. ఎదురింటి స్వరూపరాణి కూడా మార్కెట్‌కి వస్తానని వెనక సీట్లో కూర్చుంది. కొత్తపేట దాకా కారు పెళ్ళికూతురిలా కదిలింది. తరవాత ఇంజన్ మోత పెరిగింది, నడక తగ్గింది. పక్కనుంచి తోపుడుబండి దాటిపోయింది. ఎల్బీనగర్ మెట్రో స్తంభం దగ్గరకి వచ్చేసరికి మోతే మిగిలింది. గంగాధరరావుగారు ఎలాగో పక్కకి చేర్చారు.

ముగ్గురూ దిగి చూస్తే కారు కింద ఎర్రగా కారుతోంది. స్వరూపరాణి వంగి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"గిదేంది సారూ, పొద్దుగాల నేను పోసిన దిష్టి నీళ్ళు గీడిదాంక వచ్చినయా?"

"నువ్వు పోశావా?"

"అవ్ సారూ. ఇయాల బండికి పరీక్ష అని కోటేశ్వరమ్మక్క చెప్పింది. జర నజర్ తగలొద్దని పసుపు, సున్నం కలిపి దిష్టి తీసి చక్రాల నడుమ పోసిన."

ఆ మడుగు చూసి నూనె లీకనుకున్నానని గంగాధరరావుగారు ఒప్పుకున్నారు. డబ్బా సంగతి చెప్పక తప్పలేదు. కోటేశ్వరమ్మ తిట్టలేదు. పుల్ల లాగి, నెయ్యి కాగిందో లేదో చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మాడు వాసన లేదు. గేరు పెట్టె బాగానే ఉంది" అంది. "బండి చల్లగా ఉన్నప్పుడు గేరు నూనె కింది గీత దగ్గరే ఉంటుందండీ. బండి కాస్త తిరిగి వేడెక్కాక పై గీత చూడాలి. మీరు పోసిందంతా పొంగి నురగైపోయింది, పాలు పొంగినట్టు."

"నీకెవరు చెప్పారు?"

"మీ ఫోనే. మీ గురక కాక మిగిలిందంతా విన్నాను."

ముప్ఫై ఏళ్ళు బండి నడిపిన మనిషి, చక్రం ముట్టని ఇల్లాలిని నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు. ఆవిడ మందుల షాపుకి వెళ్ళి పెద్ద సిరంజి, సెలైన్ గొట్టం తెచ్చింది. ఎవరికి బాలేదని షాపతను అడిగితే కారుకని చెప్పిందట. నురగ చల్లారేదాకా ఆగి, పుల్ల పెట్టే గొట్టంలోంచి నూనె లాగి నీళ్ళ సీసాలోకి వదిలింది. ఇంజన్ ఆన్ చేయించి, కొలిచి, మళ్ళీ లాగింది. మెట్రో ఎక్కబోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. గంగాధరరావుగారు తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డారు, పూజలో పంతులుగారికి పళ్ళెం అందించేవాడిలా.

కారు కదిలింది. బాటసింగారం వెళ్ళింది, పళ్ళతో తిరిగొచ్చింది. గేటు దగ్గర ఉదయలక్ష్మి ఎదురుచూస్తోంది. కారు ఆగగానే, అడుగున అంటుకున్న నూనె బొట్టుబొట్టుగా నేలమీద పడింది. గంగాధరరావుగారు దిగి కాలు అడ్డం పెట్టబోయారు.

"అత్తయ్యా, ఏదో ఎర్రగా కారుతోంది. లీకేమో" అంది కోడలు.

"దిష్టి నీళ్ళమ్మా. పొద్దున స్వరూపరాణి తీసింది, అడుగు" అంది కోటేశ్వరమ్మ, పళ్ళ బుట్ట దించుతూ.

"అవ్ బిడ్డా, నేనే తీసిన" అంది స్వరూపరాణి. అది అబద్ధమూ కాదు.

అంత పాత బండి అంత దూరం పోయి వచ్చిందంటే ఆ దిష్టిలో ఏదో ఉందని ఉదయలక్ష్మికి నమ్మకం కుదిరింది. కారుని తుక్కుకిచ్చే మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు తన స్కూటీకి కూడా ఆ ఎర్రనీళ్ళే పోయమని అడిగింది. ఏ ఎర్రనీళ్ళని అడగబోయి, స్వరూపరాణి ఊరుకుంది.