సూర్యప్రభ లేడీస్ హాస్టల్ మంత్రివర్గం

మానవజాతి ఇంతవరకు ఎదుర్కొన్న పరిపాలనా సమస్యల్లోకెల్లా పెద్దది గేటు తీయడం. దిల్‌సుఖ్‌నగర్ సూర్యప్రభ లేడీస్ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న సౌజన్యకు ఈ సంగతి సరిగ్గా పరీక్ష రోజు పొద్దున్నే తెలిసొచ్చింది.

హాస్టల్ యజమాని మల్లికార్జునరావు గారు కోచింగ్ సెంటర్లలో పాతికేళ్లు పాలిటీ, అంటే రాజ్యాంగం పాఠాలు, చెప్పి రిటైరైన మనిషి. ఒకరోజు ట్యాంకు నిండి నీళ్లు రోడ్డెక్కాయి. మోటరు ఆపాల్సింది ఎవరో మాత్రం తేలలేదు. "శాఖలు లేకపోవడం వల్లే ఈ దరిద్రం" అని తీర్మానించి, ఆయన అచ్చం ఢిల్లీలో లాగే అమ్మాయిలందరికీ మంత్రి పదవులు పంచేశారు. (తను రాష్ట్రపతి. పని ఉండదు, ఫొటో ఉంటుంది.) లోపలి గుసగుసలు వినే నిఘా సంస్థ హోంశాఖ కింద. ఎదురుగా ఉన్న బాయ్స్ హాస్టల్‌ను కనిపెట్టే నిఘా సంస్థ నేరుగా కేబినెట్ సచివాలయం, అంటే వంటగది కింద. (దీంట్లో చేరడానికి పోటీ విపరీతం.) ఫ్రిజ్‌లో పెరుగు మాయమైతే దర్యాప్తు చేసే సంస్థ మాత్రం సిబ్బంది శాఖ కిందికొస్తుంది. ఎందుకని అడిగితే, "పరీక్షలో బిట్ వస్తుంది, గుర్తుపెట్టుకో" అన్నారాయన.

వాచ్‌మన్ సైదులుది అస్సాం రైఫిల్స్ పద్ధతి. జీతం, సెలవులు హోంశాఖ చూస్తుంది, ఆజ్ఞలు రక్షణశాఖ ఇస్తుంది.

ఆ పొద్దున సౌజన్య హాల్‌టికెట్ పట్టుకుని కిందికి దిగింది. పరీక్ష సెంటరు ఎక్కడో ఊరి బయట, అబ్దుల్లాపూర్‌మెట్ అవతల. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు.

"అన్నా, జర గేటు తియ్యి."

"తాళంచెవి నా జేబులనే ఉన్నది చెల్లె. ఆర్డరే లేదు. పొద్దెక్కేదాక గిది సరిహద్దంట. బయటికి పోవాల్నంటే రెండు శాఖల సంతకాలు కావాలె."

హోంమంత్రి మృదుల పళ్లు తోముకుంటూనే వచ్చి సంతకం పెట్టింది. రక్షణమంత్రి అమల బడంగ్‌పేట్‌లో పిన్ని ఇంటికి పోయింది. ఫోన్ స్విచాఫ్. (దేశ రక్షణ ఆ పూట ఛార్జింగ్‌లో ఉంది.) రాష్ట్రపతి గారు బనీనుతోనే బయటికొచ్చి, సమన్వయ సంఘం వేశారు. సంఘం టీ పెట్టమంది. టీ వేరే శాఖ.

సౌజన్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రెండేండ్ల సంది చదువుతున్న సార్! పరీక్ష పోతది!"

"నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ పౌరుల్ని బయటికి పంపే అధికారం ఏ ఒక్క శాఖ చేతిలోనూ ఉండకూడదు. దాన్నే ప్రజాస్వామ్యం అంటారు" అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

పౌరులనే మాట దగ్గర సౌజన్య ఏడుపు ఠక్కున ఆగింది. ఎంతైనా చదువుకున్న పిల్ల కదా!

"మరి పరదేశిని వెళ్లగొట్టాల్నంటే ఎన్ని సంతకాలు సార్?"

"ఒక్కటే. హోంశాఖది" అన్నారాయన, క్లాసు చెప్పిన అలవాటు కొద్దీ.

"నా హాస్టల్ కార్డు గడువు అయిపోయింది సార్. నేను పరదేశిని."

ఆ హాస్టల్ చరిత్రలో అంత చకచకా ఏ పనీ జరగలేదు. మృదుల నోట్లో బ్రష్ తీయకుండానే సంతకం గీకింది. సైదులు గేటు బార్లా తెరిచి, బ్యాగు తనే మోసుకెళ్లి సౌజన్యను ఆటో ఎక్కించాడు. రాష్ట్రపతి గారు బహిష్కృతురాలికి చెయ్యి ఊపి ఆల్ ద బెస్ట్ చెప్పారు.

సాయంత్రం సౌజన్య మహా హుషారుగా తిరిగొచ్చింది. పేపరు బ్రహ్మాండంగా రాసింది. అందరికీ మిర్చి బజ్జీలు కూడా తెచ్చింది. గేటుకు తాళం ఉంది.

"వీసా ఉన్నదా చెల్లె?"

"ఏందన్నా గిది! పొద్దుగాల నువ్వే కద ఆటో ఎక్కిచ్చింది!"

"ఎక్కిచ్చిన. అందుకే అడుగుతున్న. పరదేశోళ్లు లోపటికి రావాల్నంటే విదేశాంగ మంత్రి వీసా ఇయ్యాలె."

"విదేశాంగ మంత్రిని నేనే గదన్నా!"

సైదులు గేటు సందులోంచి చెయ్యి పెట్టి ఒక బజ్జీ తీసుకున్నాడు. పాపం, అతనికి నిజంగానే జాలేసింది.

"ఆమెను పొద్దుగాలనే వెళ్లగొట్టినం చెల్లె. పోస్టు ఖాళీ ఉన్నది. నోటిఫికేషన్ జల్దీనే పడుతదంట."