పొగరహిత అరటిపండు

రాబోయే శనివారం ఉదయం పది గంటలకు, గౌరవ మంత్రివర్యుల సమక్షంలో, కోనసీమ అరటికాయలు శాస్త్రీయంగా పండుతాయని ఫలాభివృద్ధి సంస్థ కరపత్రాలు పంచింది. అంతకుముందు అవి ఎలా పండేవో ఆ కరపత్రంలో లేదు.

కొత్తపేట దగ్గర గెలలు మగ్గేసే అబ్బులుకు అదే రోజు ఇంకో కాగితం కూడా అందింది. అతని తండ్రి కట్టిన కొట్టుకు తాళం వేసి, లక్కతో సీలు కొట్టి, తలుపుకు దాన్ని అంటించారు. "అశాస్త్రీయ పొగ. నిషేధం." ఇరవై రెండేళ్ళుగా అబ్బులు చేసిన నేరమల్లా గెలల్ని కొట్లో పేర్చి, కుండలో కొబ్బరి డొక్కలు రాజేసి, తలుపు సందులకు మట్టి మెత్తి, మూడో రోజున తీయడం. అతనికి ఇంకో పని రాదు. తిన్నగా సంస్థ ఆఫీసుకు వెళ్ళాడు.

స్పెషలాఫీసరు జగన్మోహనరావుగారు దయామయులు. ఢిల్లీలో పదిహేను రోజులు ట్రైనింగయి వచ్చినా అబ్బులును గుమ్మంలోనే నిలబెట్టకుండా లోపలికి రానిచ్చారు.

"కాయకి తను పండాలని తెలీదయ్యా అబ్బులూ. దాన్లో జీన్లని ఉంటాయి. నిద్రపోతుంటాయి. హార్మోను వెళ్ళి తట్టి లేపుతుంది. అవి లేచి ఒకదానికొకటి కబురు పెట్టుకుంటాయి. అప్పుడు తొక్క పసుపెక్కుతుంది, పిండి పంచదారవుతుంది. పూత రావడవూ ఇలాంటిదే. అంతా సిగ్నలింగు!"

"ఆయ్. మా పొగ కూడా అలాగే లేపుద్దేమోనండీ?"

"పొగకి క్వాలిఫికేషన్ ఏవుందయ్యా?"

అబ్బులు తల దించుకున్నాడు. పొగ నిజంగానే ఏమీ చదువుకోలేదు.

"మంత్రిగారికి పండు నచ్చిందంటే జిల్లా అంతా పొగ బంద్. బుధవారం వచ్చి గెలలు నువ్వే పేర్చు. చెయ్యి తిరిగినవాడివి," అన్నారు ఆఫీసరుగారు.

బుధవారం కొత్త సిమెంటు గదిలో అబ్బులు అరవై చక్కెరకేళి గెలలు పేర్చాడు. శాస్త్రానికి ఏ విఘ్నమూ కలగకూడదని ఆఫీసరుగారు గణపతి హోమం పెట్టించారు, ఆ గదిలోనే. కాశీవిశ్వనాథం పంతులుగారు గంటన్నరసేపు రావి పుల్లలూ నెయ్యీ వేసి అగ్నిదేవుణ్ణి తృప్తిపరిచారు. సీలు వేసిన హార్మోను డబ్బాకు బొట్టు పెట్టి కలశం పక్కన పీట మీద కూర్చోబెట్టారు. కళ్ళు మండి ఆఫీసంతా భక్తితో ఏడ్చింది. ఆఫీసరుగారు దండం పెట్టుకుని, "మందు నీళ్ళలో కలిపి కాయల మీద కొట్టించి తలుపెయ్యండి," అని స్టోరుకీపరు ముత్యాలరాజుకు చెప్పి జీపెక్కారు.

ముత్యాలరాజు డబ్బా మీద చెయ్యి వేశాడు.

"అయ్యయ్యో! ఉద్వాసన చెప్పకుండా పీట మీంచి కదుపుతారేవిటండీ?" అన్నారు పంతులుగారు.

"అయితే ఇప్పుడే చెప్పెయ్యండి."

"మంత్రిగారు వచ్చేదాకా దేవుణ్ణి ఉంచమని ఆఫీసరుగారే అన్నారండి. శనివారం పొద్దున్నే వచ్చి చెబుతాను. ద్రాక్షారామంలో అభిషేకం ఒప్పుకున్నాను." ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ముత్యాలరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆఫీసరుగారికైతే ఏదోటి సర్ది చెప్పుకోవచ్చండి," అని అబ్బులుతో అని, డబ్బా ఉన్నచోటే ఉంచి తలుపు మూశాడు. లోపల హోమగుండం ఇంకా రాజుతూనే ఉంది. తలుపు కింద సందులోంచి సన్నగా పొగ వస్తుంటే అబ్బులు చెయ్యి ఊరుకోలేదు. ఇంత మట్టి తెచ్చి మెత్తేశాడు. ఇంటికి వెళ్ళే దారిలో, ఈ కాయలు బాగా పండితే తన కొట్టు మీద ఇంకో సీలు తనే కొట్టుకున్నట్టని తోచింది.

శనివారం పొద్దున్నే పంతులుగారు వచ్చి ఉద్వాసన చెప్పారు. పది గంటల మంత్రిగారు ఒంటిగంటకు దయచేశారు. అరవై గెలలూ పసుపు ముద్దల్లా ఉన్నాయి. మంత్రిగారు ఒక పండు తిని, రెండోది కూడా తిన్నారు.

"ఏదో దివ్యమైన వాసనుందయ్యా. ఇదేనా హార్మోను?"

"ఇదేనండి!" అన్నారు ఆఫీసరుగారు.

మంత్రిగారు అక్కడికక్కడే మైకులో ప్రకటించారు. ఇకనుంచి పొగ నిషేధం. హార్మోను డబ్బా ఉన్న ప్రతి కొట్టూ ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రం.

చప్పట్ల మధ్య అబ్బులు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "అయ్యా, ఈ డబ్బా నాకిప్పిస్తే మా కొట్టు కూడా బాగుపడుద్దండి."

పేద రైతాంగం సైన్సును చేతులు చాచి అడుగుతోందని మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ఫొటోగ్రాఫరు పిలుపు మేరకు డబ్బాను రెండుసార్లు అందించారు.

నెల తిరిగాక జగన్మోహనరావుగారు తనిఖీకి వచ్చారు. కొట్టుకు లక్క సీలు లేదు. "హార్మోను కేంద్రం నం. 2" అన్న బోర్డు ఉంది. లోపల పండిన గెలలున్నాయి. కుండలో కొబ్బరి డొక్కలు రాజుతున్నాయి.

"పొగేవిటయ్యా?" అన్నారాయన దగ్గుతూ.

"హోమవండి."

ఆయన గబగబా చెప్పులు విప్పారు. గూట్లో గణపతి పటం ముందు డబ్బా ఉంది. దానికి బొట్టూ, మందారప్పువ్వూ ఉన్నాయి.

"పండు బ్రహ్మాండంగా ఉంది. మందు డోసెంత వాడుతున్నావు?"

"తవఁరు వాడినంతేనండి. ఒక్క చుక్క ఎక్కువ కాదండి, తక్కువ కాదండి."

ఆఫీసరుగారు డబ్బాను చేతిలోకి తీసుకున్నారు. మూత మీద సీలు చూశారు. సీలు మీద ఆ హోమంనాటి బొట్టు చూశారు. అబ్బులు వైపు చూశారు.

తర్వాత డబ్బాను కళ్ళకద్దుకుని గూట్లో పెట్టేసి, రిజిస్టరులో "డోసు సక్రమం" అని రాసి సంతకం చేశారు.