అయిదు స్టార్ల ఇల్లు

ఇకపై కువైట్‌లో తెలుగువాడెవడూ స్టార్లు చూడకుండా ఇల్లు అద్దెకు తీసుకోరాదని శ్రీ కుక్కుటేశ్వరరావుగారు రిగ్గై పేటలో జరిగిన సభలో ప్రకటించారు. వారు మా పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనరు. కరెంటు తక్కువ కాల్చే ఇంటికి అయిదు స్టార్లు, ఎక్కువ కాల్చే ఇంటికి ఒకటి. ఇచ్చేది వారే. దేవుడి తర్వాత నక్షత్రాల లెక్క తెలిసింది వారికేనని మా నమ్మకం.

మొదటి తనిఖీ నా మేనకోడలు ఫ్లోరెన్స్ ఫ్లాటులో జరిగింది. ఆమె నర్సు. చంకలో నెలల పిల్ల. అసలే జూలై, ఏసీ వారం కిందటే చచ్చింది. బిల్డింగు కాపలా చూసే అసిఫ్ మర్నాడు మెకానిక్‌ని తెస్తానన్నాడు.

కన్వీనరుగారు మీటరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"కదలటమే లేదే!"

"ఏసీ పోయిందండి బాబాయిగారూ. పిల్లకి ఒళ్ళంతా చెమటకాయలు."

"ఇంత క్రమశిక్షణ గల ఇల్లు గల్ఫ్‌లోనే చూళ్ళేదమ్మా!"

స్వహస్తాలతో తలుపుకి అయిదు స్టార్ల స్టిక్కరు అంటించారు. మేం చప్పట్లు కొట్టాం. వాటివల్ల కాస్త గాలి కూడా ఆడింది.

మర్నాడు మెకానిక్ రాలేదు. అసిఫ్ ఒక్కడే వచ్చాడు.

"ఏసీ నడిస్తే స్టార్లు పోతాయి బెహన్. ఓనరు ఈ స్టిక్కరు చూపించే ఖాళీ ఫ్లాట్లన్నీ అద్దెకిస్తున్నాడు. రిపేరు ఖలాస్!"

"మామయ్యా, ఆ స్టిక్కరు పీకెయ్యనా?" అంది ఫ్లోరెన్స్.

పెద్దలు అంటించింది మనం పీకొచ్చా అని నాకు సందేహం. నా దగ్గరికి తీసుకెళ్దామంటే నాది మగవాళ్ళుండే గది. అందుకని కన్వీనరుగారింటికే వెళ్ళాం.

వారు తమ ఇంటి విషయంలోనూ పక్షపాతం చూపలేదు. తలుపు మీద ఒక్క స్టారే ఉంది. తలుపు తీయగానే చల్లగాలికి పిల్ల ఏడుపు ఆపేసింది. వారు సన్మానపు శాలువా కప్పుకుని ఉన్నారు.

"మాకు స్టార్లొద్దండి బాబాయిగారూ, ఏసీ చాలు."

"అదేం మాటమ్మా! మంత్రిగారొస్తే నీ ఇల్లే చూపిద్దామనుకుంటుంటే!"

"పోనీ, ఆయనొచ్చేదాకా పిల్లనీ నన్నూ ఇక్కడ ఓ మూల ఉండనివ్వండి."

కన్వీనరుగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"అయిదు స్టార్ల ఇంట్లో ఉంటున్న ఆడబిడ్డని, ఈ ఒక్క స్టారు కొంపలో ఎలా ఉంచనమ్మా? నా మనసొప్పుతుందా?"

శాలువా చెవులదాకా లాక్కుని గుమ్మం వరకు వచ్చి సాగనంపారు. మెట్ల మీదే పిల్ల మళ్ళీ ఏడుపందుకుంది. కరెంటు వృథా కాకూడదని వారు వెంటనే తలుపేసుకున్నారు.