ఏడో నంబరు బల్ల దగ్గర ఒంటె చేసిన యుద్ధము

ఎండకు పుట్టినిల్లు, ఇసుకకు మెట్టినిల్లు అయిన అరబ్బు భూమిలో, అబుధాబి మహానగరమునకు ఆవల సముద్రమధ్యమున వెలసిన దీవియందు, బయట నలువది నాలుగు డిగ్రీల గ్రీష్మప్రతాపము తారురోడ్లను కాల్చుచుండగా లోపల ఏసీ గాలి హేమంతమును ఏలుచుండునట్టి వినోదనగరము ఒకటి కలదు. ఆ నగరమున, రెండువేల ఇరవై అయిదవ సంవత్సరము మే నెల రెండవ శనివారము నాడు, ఉదయము తొమ్మిది గంటల ఇరవై నిమిషములకు, ఇడ్లీ మొదలు పాన్‌కేకు వరకు సకల భక్ష్యములు ఆవిరులు చిమ్ముచుండగా, 'జమూల్‌తో అల్పాహారము' అను భోజనశాలలో జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను. వినువారు చెంచాలు క్రింద పెట్టి వినెదరు గాక.

జమూల్ అనగా ఆ నగరపు ఒంటె. నిజమైన ఒంటె కాదు. స్పాంజితో చేసిన మూపురము, బుట్టంత తల, చాపలంత కనురెప్పలు, చేతికి మూడేసి వ్రేళ్ళు గల ఒంటె. పిల్లలు తినుచున్న వేళ బల్లబల్లకు తిరిగి, చేయి కలిపి, చిందులు వేసి, ఫోటోకు నిలుచుట దాని ధర్మము. ఆ ఒంటె లోపల ఉన్నవాడే మన కథానాయకుడు భూమేశ్.

అతడు జగిత్యాల జిల్లావాడు, ఇరువది ఎనిమిదేండ్లవాడు. పీర్ల పండుగకు ఒంటినిండ పసుపురంగు పూసికొని, తోక కట్టుకొని, డప్పుల నడుమ పెద్దపులియై గంతులు వేసి, నాలుగూళ్ళ పిల్లలను ముందు ఏడ్పించి పిదప నవ్వించిన ప్రచండనర్తకుడు. దుబాయికి వచ్చిన పిమ్మట ఆ నాట్యమంతయు వృథాయై, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని టైర్ల గోదాములో మూడేండ్లు లారీ టైర్లు మోసి మోసి, మూడు నెలల క్రితము ఏ శుభముహూర్తముననో ఈ ఒంటె ఉద్యోగమును గెలిచికొనెను.

పదకొండు కిలోల ఆ వేషమే అతనికి అభేద్యకవచము. ఒంటె నోటిలోని నల్లని జాలీయే గవాక్షము. దానిగుండ ఎదుటివారి మొగములు తప్ప ప్రక్కలు కానరావు, పాదములు అసలే కానరావు. కావున సారథి ఒకడు కావలసివచ్చెను. అతడు హైదరాబాదు పాతబస్తీవాడైన షారుఖ్. కుర్చీ అడ్డము వచ్చినచో మోచేయి పట్టి లాగుట, ఇరువది అయిదు నిమిషములు నిండగానే మూపురముపై రెండుమార్లు తట్టుట అతని సారథ్యము. ఇక నియమములు మూడు: తల తీయరాదు, అతిథుల భోజనము ముట్టరాదు, ప్రాణము పోయినను మాటాడరాదు.

ఆ ఉదయము యుద్ధారంభమునకు ముందు, పర్యవేక్షకురాలు తహ్మీనా వేషశాలకు వచ్చి, చేతిలోని టాబ్లెట్టును చూచుచు హిందీలో శాసించెను.

"చూడు భూమేశ్. పన్నెండు దాటిన పిల్లలకి ఒంటె అంటే ముద్దు కాదు, సిగ్గు. నువ్వు వచ్చాక అలాంటి టేబుళ్ళు పదకొండు చూశాను. పదకొండూ రాతిమొహాలే. ఇవాళ కూడా ఒక్కరు నవ్వకపోతే ఆ టేబుళ్ళకి ఒంటె బంద్. నీ ప్రొబేషన్ కాగితం కూడా ఇవాళే రాయాలి నేను."

"నవ్విస్తా మేడమ్," అని భూమేశ్ తనకు వచ్చిన హిందీలో ప్రతిజ్ఞ చేసెను. ఆమె వెడలిన పిమ్మట షారుఖ్ వైపు తిరిగి, "నవ్వియ్యకపోతే మళ్ళ టైర్లేరా భాయ్," అని నిట్టూర్చెను.

"ఫికర్ నక్కో మియా," అని షారుఖ్ ఒంటె తలను ఎత్తి అతని భుజములపై కిరీటధారణ చేసి, "యల్లా, చలో!" అని తలుపు తెరచెను.

బయలువెడలెను జమూల్! డప్పువలె మ్రోగు పాట మీద అడుగులు వేయుచు, మొదటి బల్లవద్ద కవలపిల్లలను జయించెను. రెండవ బల్లవద్ద పాలసీసా పట్టిన పసివాడు కెవ్వుమని ఏడ్చి, మరుక్షణమే ఒంటె ముక్కు పట్టి ఆడి వశుడయ్యెను. ఇట్లు ఆరు బల్లలను అవలీలగా దాటి ఏడవ దానియెదుట నిలువగానే భూమేశ్ గుండె టైరువలె బరువెక్కెను.

అచ్చట కూర్చున్నది పదమూడేండ్ల అక్షయ.

నల్లని హుడీ ఆమె దుర్గము. ఎత్తి పట్టిన ఫోను ఆమె డాలు. ఎడమచెవిలోని ఇయర్‌బడ్డు సింహద్వారపు గడియ. ఆమె ప్రక్కన తల్లి కల్పన, ఎదుట తండ్రి మహీధర్. కాకినాడ వదలి పదునాలుగేండ్లుగా షార్జా అల్ నహ్దాలో కాపురముండి, ఎయిర్ కార్గో ఆఫీసులో ఉద్యోగము చేయుచున్న ఆ తండ్రి, ఒంటెను చూడగానే కుర్చీలోనుండి సగము లేచెను.

"అక్షయా, చూడమ్మా! జమూల్ వచ్చేశాడు!"

"నాన్నా, ప్లీజ్. వాల్యూమ్ తగ్గించు."

"నువ్వు వీడి కోసం ఎంత ఏడ్చావో తెలుసా?"

"చిన్నప్పుడు నాన్నా."

కల్పన టీ కప్పును బల్లపై టక్కుమని పెట్టెను. "నేను చెప్పానా లేదా? పుట్టినరోజుకి ఫ్రెండ్స్‌ని పిలిచి పిజ్జా పెడితే సరిపోయేది."

"మాట ఇచ్చాను కదా కల్పనా! ఎనిమిదో పుట్టినరోజుకి తీసుకొస్తానన్నాను. సరిగ్గా అప్పుడే కరోనా, పార్కు మూసేశారు. మరుసటేడు మనకే వచ్చింది. ఆ తర్వాత మీ అమ్మగారి ఆపరేషన్. ఆ తర్వాత నా ఉద్యోగం మారింది…"

"మీరు మాటిచ్చింది ఎనిమిదేళ్ళ పిల్లకండీ. ఈ పిల్లకి కాదు."

మహీధర్ తల వంచుకొని ప్లేటులోని ఆమ్లెట్టు అంచును చెంచాతో సర్దెను.

వారు మాటాడినది తెలుగు! జాలీ వెనుక నిలిచి ప్రతి అక్షరమును విన్న భూమేశ్, వంగిన ఆ తండ్రి మొగమును చూచెను. అప్పటివరకు తన కొలువు కొరకు పోరిన ఆ వీరుడు, ఆ క్షణమునుండి ఆ తండ్రి కొరకు కూడ పోరదలచెను. అంత గిరగిర తిరిగి, మూపురము ఊగించి, నడుము విరిచి తీన్మార్ దరువు వేసి, మోకాలిపై వ్రాలి, ఆరు వ్రేళ్ళను కూర్చి హృదయాకారమును చూపెను. ప్రక్కబల్లల శిశుసైన్యము హోరెత్తెను. ఒక ముసలి అరబ్బు పెద్దమనిషి సైతము చప్పట్లు చరచెను.

అక్షయ హుడీలోనికి ముక్కువరకు దిగిపోయెను. "వెళ్ళిపొమ్మని చెప్పమ్మా. మా క్లాసువాళ్ళెవరైనా చూస్తే నా పని అయిపోయినట్టే."

"పోనీలే," అని మహీధర్ మెల్లగా అనెను. "పాపం, లోపల ఏ దేశంవాడో. మనం ఏమంటున్నామో కూడా తెలీదు వాడికి."

"ఏ దేశమైతే ఏంటి, స్నానం చేసి వారమై ఉంటుంది," అనెను కల్పన.

తెల్లవారుజామున అయిదు గంటలకే గంధపు సబ్బుతో తలారా స్నానము చేసి వచ్చిన భూమేశునకు ఈ మాట శూలమై తగిలెను. తగిలిన వెంటనే, తాను ఒంటెనని మరచి, ఆ బుట్టంత తలను వంచి తన చంకను తానే వాసన చూచుకొనెను.

ఎవ్వరును గమనింపలేదు, అక్షయ తప్ప. ఆమె ఫోను పైనుండి రెండు కన్నులు మాత్రమే పైకి వచ్చెను. ఆ కన్నులు ఒంటెను తోకనుండి చెవికొసవరకు పరీక్షించెను. పిదప ఆమె చెవిలోని ఇయర్‌బడ్డును తీసి, తలయెత్తకయే, ఎవరితోనో అన్నట్లుగా మెల్లగా పలికెను.

"ఒంటెగారూ, మీ తోక ఊడిపోయింది."

భూమేశ్ రెండు చేతులతో తటాలున వెనుకభాగమును పట్టుకొనెను!

తోక ఎక్కడిదక్కడే ఉండెను. ఊడినది అతని రహస్యము. పట్టుబడిన వీరుడు చేతులు వెనుకనే ఉంచుకొని కొయ్యబారి నిలువగా, అక్షయ పెదవి కుడికొస, ఆవగింజంత, పైకి లేచెను. అమ్మానాన్నలు ఆమ్లెట్టులో ఉప్పు తగ్గినదా లేదా అని వాదించుకొనుచుండిరి. అక్షయ కుర్చీని ఒంటెవైపు జరిపి అడిగెను.

"మీకు తెలుగొచ్చు కదా అంకుల్?"

అంకుల్! ఇరువది ఎనిమిదేండ్లకే అంకుల్! పెండ్లిచూపులైన కానివానిని అంకుల్! ఆ పిలుపు కవచమును చీల్చి ఎదలో నాటుకొనెను. "అన్న అను చెల్లె, అంకులేంది," అని నోటిచివరివరకు వచ్చిన మాటను పండ్లతో అడ్డగించి, భూమేశ్ ఆ చీకటి గుహయందు తన నాలుకను ఉద్దేశించి నిశ్శబ్దముగా ఇట్లు గర్జించెను:

"ఓసి చపలజిహ్వా! ఆగుము! మూడేండ్లు టైర్లక్రింద నలిగిన భుజములు నీ ఒక్క మాటకు మరల నలుగవలెనా? జగిత్యాల బస్టాండులో రోజంతయు వాగిన నీకు ఈ ఇరువది అయిదు నిమిషములు ఊరకుండుట చేతకాదా? మూడు నియమములలో ఒకటి తప్పినను మేడమ్ ఊరుకొనునా? కదలితివా, ఈ కోరలతో కొరికెదను!" అని గర్జించి, మాటకు బదులు తలను మాత్రము ఒకసారి, గోరంత, పైకి క్రిందికి ఊపెను.

అక్షయ కన్నులు మెరిసెను. "మాట్లాడకూడదా?"

ఊపెను.

"సరే. ఊరు నేను చెప్తాను, మీరు తలూపండి. హైదరాబాదా?"

అడ్డముగా ఊపెను.

"వరంగల్? నిజామాబాద్?" రెండింటికిని అడ్డముగనే ఊపి, రెండవదానికి మాత్రము మూడువ్రేళ్ళ చేతిని 'ఆ దాపులనే' అన్నట్లు త్రిప్పెను.

"జగిత్యాలా? మా స్కూల్ బస్సులో సమ్మవ్వ ఆంటీ ఉంటుంది, వాళ్ళది జగిత్యాలే."

ఒంటె ఎగిరి గంతు వేసెను. షారుఖ్ కంగారుపడి మోచేయి పట్టుకొని, "క్యా హువా మియా?" అని గొణిగెను. అక్షయ అటుయిటు చూచి, గొంతు ఇంకను తగ్గించెను. అప్పుడు ఆమె పలుకుట ఒక పిల్ల పలికినట్లు లేదు. సేనాధిపతి వ్యూహము చెప్పినట్లుండెను.

"అంకుల్, మా నాన్న ప్లేటు చూడండి. నాలుగు జిలేబీలు. ఆయనకి షుగర్. డాక్టర్ వద్దన్నాడు, అమ్మ అరుస్తుందని ఆమ్లెట్ కింద దాచాడు. అవి నాకు కావాలి. హెల్ప్ చేస్తారా?"

భోజనము ముట్టరాదను రెండవ నియమము ఎదుట మంటవలె లేచెను. భూమేశ్ తన చేతులను పైకెత్తి వానిని వీపు వెనుక కట్టుకొని చూపెను. ఆ సైగను అక్షయ తక్షణమే గ్రహించెను. "ముట్టుకోకండి. అడ్డం రండి చాలు."

అట్లే కానిమ్మని జమూల్ రెండంగలలో బల్లను చుట్టి, మహీధర్ ప్రక్కన చతికిలబడి, ఆయన భుజముపై ప్రేమతో చేయి వేసి, తన బుట్టంత తలను ఆయన మొగమునకు, ప్లేటునకు నడుమ కోటగోడవలె నిలిపెను.

"ఏయ్! ఏయ్! నాకేం కనిపించట్లేదు!" అని మహీధర్ ఎడమకు వంగెను. గోడ ఎడమకు వంగెను. కుడికి వంగెను. గోడయు కుడికి వంగెను. ఆయన పైనుండి చూడబోగా చాపలవంటి కనురెప్పలు ముక్కుకు రాచుకొని తుమ్ము వచ్చెను. ఇంతలో కోటగోడ మాటున అక్షయ హస్తము పామువలె ప్రాకి, ఆమ్లెట్టును ఎత్తి, ఒకటి, రెండు, మూడు, నాలుగు జిలేబీలను చెరపట్టి తన ప్లేటులో చేర్చుకొనెను.

జమూల్ తొలగెను. మహీధర్ చూచెను. ఆమ్లెట్టును ఎత్తెను. దించెను. మరల ఎత్తెను.

"జిలేబీలు ఏవి?"

"జిలేబీలా?" అని కల్పన కన్నెఱ్ఱ జేసెను. "ఏ జిలేబీలండీ?"

మహీధర్ మొగము నవ్వలేక, ఏడ్వలేక, ఒప్పుకొనలేక మెలికలు తిరుగుచుండగా, బల్లకు ఆవలి ప్రక్కనుండి ఒక శబ్దము పుట్టెను. మొదట ముక్కులోనుండి. పిదప గొంతులోనుండి. అంతట హుడీ టోపీ వెనుకకు జారిపోగా, ఫోను ఒడిలో పడిపోగా, నోటిలో సగము జిలేబీ ఉండగా, అక్షయ విరగబడి నవ్వెను! మూడు బల్లలవారు తిరిగి చూచునట్లు, తన తరగతివారెవరైన ఉన్నారేమో అను భయము లేక, కడుపు పట్టుకొని నవ్వెను. వేషము లోపల భూమేశ్ కడుపు కూడ కదలుటచేత మూపురము తకతకలాడెను.

స్తంభము ప్రక్కన నిలిచి ఇదంతయు చూచుచున్న తహ్మీనా టాబ్లెట్టుపై ఏమో వ్రాసి, షారుఖ్ వైపు బొటనవ్రేలెత్తి చూపెను. ఏడవ నంబరు వంటి బల్లలు బంద్ కాలేదు. టైర్ల గోదామునకు వేరొకడు పోవలసినదే.

మహీధర్ మాత్రము జిలేబీలను మరచి కూతురినే చూచుచుండెను. చేయి దానంతట అదే జేబులోనికి పోయి ఫోనును తెచ్చెను. "ఒక్క ఫోటో తీయనా అమ్మా? జమూల్‌తో?"

అక్షయ నవ్వాపెను. "ఫోటో వద్దు నాన్నా."

ఆయన ఒక్క క్షణము ఆగి, "సరే," అని, ఫోనును మరల జేబులో పెట్టుకొనెను. ఆ చిన్న పనికి ఆ ఉదయము జరిగిన యుద్ధములన్నిటికంటె ఎక్కువ బలము కావలసివచ్చెనని దగ్గరనుండి చూచిన భూమేశునకు తోచెను. అది అక్షయకు కూడ తోచెనేమో, తన ప్లేటులో మిగిలిన జిలేబీలలో ఒకదానిని విరిచి, సగము ముక్కను తండ్రి ప్లేటులో పెట్టి, "హాఫ్. అంతే," అనెను.

అప్పుడు షారుఖ్ మూపురముపై రెండుమార్లు తట్టెను. కాలము నిండెను. జమూల్ లేచి నమస్కరించి మరలబోవగా, అక్షయ చుట్టూ ఒకసారి చూచి, పిడికిలి బిగించి, బల్ల అంచుకు దిగువగా, ఎవరికిని కానరాకుండ ముందుకు చాచెను. ఒంటెకు పిడికిలి లేదు. ఉన్న మూడు వ్రేళ్ళనే ముడిచి భూమేశ్ ఆ పిడికిలికి తాకించెను. తాకినది ఒకటిన్నర క్షణము.

షారుఖ్ చేయూతతో అతడు తలుపువైపు నడచుచుండగా వెనుకనుండి మహీధర్ కంఠము వినవచ్చెను. ఆ కంఠములో అయిదేండ్ల నిరీక్షణ ఉండెను. "ఎలా ఉందమ్మా?"

దశదిశలు చెవియొగ్గెను. కాఫీయంత్రము సైతము బుసకొట్టుట మానెను. భూమేశ్ కాలు ఎత్తినది ఎత్తినట్లే ఆపెను.

"పర్లేదు," అనెను అక్షయ.

పర్లేదు! పదమూడేండ్లవారి భాషలో ఇంతకంటె గొప్ప స్తుతి లేదు. వారు చిత్తుగా ఓడిపోయిన నాడు తప్ప ఈ మాట అనరు. మ్రోగుడు భేరులారా! ఎగురుడు పతాకములారా! ఏడవ నంబరు బల్లకడ, మే నెల రెండవ శనివారమున, తొమ్మిది గంటల నలువది అయిదు నిమిషములకు, జగిత్యాల భూమేశ్, ఒక్క మాటయైన ఆడక, ఒక్క మెతుకైన ముట్టక, పదమూడేండ్ల పిల్ల నోట 'పర్లేదు' అనిపించుకొనెను!